ఎర్రలైటు ఆరినాక

నందికొట్కూరు,
అక్టోబరు 14.

నోరు పదునుగా, చెవులు మందంగా ఉండే మా అక్క విశ్వాసమ్మకు నీ చెల్లెలు కృపమణి వందనాలు.

అక్కా, ఫోను చేస్తే నీకు వినపడదు. నీకు వినపడేటట్టు అరిస్తే మా వీధంతా వింటాది. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నా. ఇది చదివినాక పొయ్యిలో పెట్టు, మీ ఇంట్లో ఎవురికీ చూపించద్దు. మీ మరిది సంగతి ఇది.

ముందే చెప్తాండా, నాకు కడుపు మండుతాంది. కుళ్ళు అంటారే, అదే. నలభైమూడేండ్లొచ్చినాక ఇదేం బుద్ధే అంటావు. అనుకో. నిద్ర పట్టనిది నాకు గానీ నీకు కాదు కదా.

మా పని నీకు తెలుసు. పెండ్లిండ్లు, సువార్త సభలు, గుడి పండగలు. మూడు కెమెరాలు పెడ్తాం. ఒకటి స్టాండు మీద కదలకుండా ఉంటాది. రెండోది మీ మరిదిది. మూడోది మా కాడ పనిచేసే రామాంజి పట్టుకుంటాడు. మూడింటి వైర్లూ నా ముందరుండే మిక్సరు డబ్బాకు వస్తాయి. నా ఎదురుగా టీవీ, దాంట్లో మూడు గళ్ళు, గడికొక కెమెరా. ఏ బొమ్మ బాగుంటే ఆ బటన్ నొక్కుతా. నేను నొక్కిన బొమ్మే పందిట్లో పెద్ద తెర మీదికి పోతాది, అదే రికార్డూ అవుతాది. నొక్కిన కెమెరా నెత్తిన ఎర్రలైటు వెలుగుతాది. పద్దెనిమిదేండ్లు ఆ కుర్చీ నాదక్కా. షాపు బోర్డు మీద కూడా 'కృపా వీడియో' అని నా పేరే.

ఇంతవరకూ నీకు చెప్పని మాటొకటి ఉండాది. ఎర్రలైటు ఆరినాక కెమెరా యాడికి తిప్పినా ఎవురికీ కనపడదు, నా గడిలో నాకు తప్ప. మీ మరిది లైటు ఆరిన వెంటనే కెమెరా నా మీదికి తిప్పేటోడు. ఆడ పెండ్లికూతురు తల వంచుకోని కూర్చోనుంటే ఈడ నా గడిలో నేను, చెమట తుడుచుకుంటా, జడ వెనక్కేసుకుంటా. "పని చూడప్పా" అన్నట్టు చెయ్యి ఊపితే మళ్ళీ బుద్ధిగా పీట దిక్కుకు తిప్పేటోడు. నోరు తెరిచి ఒక్క ముద్దు మాట చెప్పిన మనిషి కాదు ఆయప్ప. ఆ గడిలో నా మొగం చూసుకున్నప్పుడే నాకు తెలిసేది, నేనంటే ఏమో ఉండాదని. ఏడాదిగా అది లేదు. లైటు ఆరుతాది, కెమెరా ఉన్నచోటే ఉంటాది. నేనూ అడగలే. ఏమని అడగాల?

ఇంతలో వీడియోలు మసకగా వస్తాండాయని జనం అనబట్టిరి. నా గడిలో బొమ్మ అగ్గిపెట్టంత, దాంట్లో మసక ఏం తెలుస్తాది? పెద్ద టీవీలో చూసుకున్నోళ్ళకు తెలుస్తాది. "రికార్డరు పాతదైపాయ, బొమ్మను అదే పాడు చేస్తాంది" అన్నాడు మీ మరిది. సరే అంటి. అందుకని కడప నుంచి స్తుతి అనే పిల్లను పిలిపించినాడు. ఇరవయ్యారేండ్లుంటాయి, పెండ్లి కాలే. లాప్‌టాపు తెచ్చింది, క్యాప్చర్ కార్డంట, సబ్బుబిళ్ళంత డబ్బీ, అదొకటి తెచ్చింది. మన పాత రికార్డరు బొమ్మను నలిపి మడతపెట్టి దాచుకుంటాదంట, విప్పినా ముడతలు పోవంట. ఈ డబ్బీ నలపదంట, వచ్చింది వచ్చినట్టే కంప్యూటర్లో వేస్తాదంట. చూస్తే నిజమే. పోయిన నెల పెండ్లిలో మామిడాకు ఈనెలు కూడా కనపడినాయి. బాగుండాదని ఒప్పుకుంటా, అంత పాపిష్టిదాన్ని కాదు.

మిషను మారిస్తే సరే, మనిషిని ఎందుకు మార్చాల? "ఇన్నేండ్లలో ఒక్క పండగన్నా కూర్చోని చూసినావా మణీ? పో, ఆడోళ్ళతో కూర్చో" అన్నాడు. నా మంచికే చెప్తాన్నట్టు! నా కుర్చీలో ఇప్పుడు ఆ పిల్ల. చెవులకు హెడ్‌సెట్టు, నోటి కాడ మైకు, ఆయప్ప చెవిలో కూడా అట్లాంటిదే ఒకటి. మొన్న మంచినీళ్ళు ఇచ్చేదానికి పోయి వెనక నిలబడి విన్నా. "ఇంకొంచెం... ఇంకొంచెం... అయ్యో ఎక్కువైపాయ... ఆఁ, అట్లే. బాగుండాది అన్నా" అంటాంది మెల్లగా, పసిబిడ్డను నిద్రపుచ్చినట్టు. నన్ను చూస్తానే నోరు మూసుకుండె. అన్నా అంటాది సరే, అన్నా అంటే సరిపోయిందా? రామాంజిని కూడా అన్నా అనే అంటాది. ఆయనతో అట్ల మాట్లాడదే!

అక్కా, ఎర్రలైటు ఆరినాక ఆయప్ప కెమెరా ఇప్పుడు యాడికి తిరుగుతాందో ఆ పిల్లకు తెలుసు, నాకు తెలీదు. అదీ నా బాధ. ఏం చేయమంటావో రాయి.

నీ చెల్లెలు,
కృపమణి


రాజంపేట,
అక్టోబరు 23.

ఏమే కృపా, మీ అక్క దీవెనలు.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టమంటివి. మాది గ్యాసు పొయ్యి. బియ్యం డబ్బాలో పెట్టినా.

చెవిన పడిందానికి ఏడుస్తాండావు నువ్వు. చెవుల సంగతి నాకు చెప్పద్దు. నాకు వినపడకుండా పోయిన మొదట్లో రెండేండ్లు ఎవురికీ తెలీనీయలే. మీ బావ ఏం చెప్పినా నవ్వుతా తల ఊపేదాన్ని. ఒకనాడు మేక చచ్చిపాయనే అన్నాడంట. నవ్వుతా తల ఊపినా. ఆ పొద్దు బయటపడింది నా బండారం. నాలుగు దినాలు మాట్లాడలేదు, మేక కోసం కాదు, చెప్పనందుకు.

మా మరిది యేసుప్రసాద్ అట్లాంటోడని నేను అనుకోను. నేను అనుకుంటే నీ మంట చల్లారదు కదా. కాబట్టి నీ కండ్లతో చూడు. చూసినంక ఏడువు. చూడకముందే ఏడిస్తే కన్నీళ్ళు దండగ.

మోకాళ్ళ నొప్పులు అట్లే ఉండాయి.

మీ అక్క,
విశ్వాసమ్మ


నందికొట్కూరు,
నవంబరు 20.

బియ్యం డబ్బాలో నా మానం దాచిపెట్టిన మా అక్కకు కృపమణి వందనాలు.

నీ మాట విన్నా. కండ్లతో చూడమంటివి, చూసేదానికి దోవ చేసుకున్నా. ఆ దోవ తప్పుదోవ అయ్యిందక్కా.

పోయిన ఆదివారం మా గుళ్ళో కోతపండగ. మా పాస్టరు శాంతయ్య అయ్యగారికి ఇది ఆఖరి పండగ, జనవరిలో రిటైరు అవుతాడు. మా సంఘంలో సగంమంది బెంగుళూరులో బిల్డింగు పనుల్లో ఉండారు, రాలేమని ఏడ్చినోళ్ళే అందరూ. "వీడియో మంచిగా తీసి పంపించండప్పా, అయ్యగారి ప్రసంగం, కానుకల వేలంపాట అంతా చూడాల" అని చెప్పి చెప్పి పెట్టినారు. వాళ్ళ కోసమే ఈ తూరి ఇంత ఏర్పాటు.

గుడి ముందర పందిరి వేసిరి. జొన్నకంకులు, శనక్కాయ బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, అన్నీ ప్రభువు బల్ల ముందర పోసిరి. మా స్త్రీల సంఘం నలభైమందిమీ ఒకే చీర, ఆకుపచ్చకు పసుపు అంచు. ఏటా ఒక రంగు అనుకోని అందరం అదే తీసుకుంటాం కదా, ఈసారి అది.

స్తుతి పొద్దున్నే అన్నీ సరిచూసుకునింది. ఆ పిల్ల పద్ధతి నేను గమనించి పెట్టుకున్నా. రికార్డు మొదలుపెట్టినాక లాప్‌టాపులో బొమ్మ కనపడకుండా ఆపేస్తాది. బొమ్మ చూపిస్తాంటే కంప్యూటరుకు బరువై మధ్యమధ్యలో కొన్ని బొమ్మలు రాలిపోతాయంట. చుక్కొకటి వెలుగుతాంటే చాలు, పని జరుగుతాన్నట్టే అంట. గళ్ళ టీవీకి పోయే వైరుకు రెండు నోళ్ళ డబ్బీ ఒకటి ఉండాది. ఒక నోట్లోంచి టీవీకి పోతాది, రెండోది ఖాళీ.

రికార్డు మొదలుపెట్టి ఆ పిల్ల టిఫిను తినేదానికి లేచింది. నేను పోయినా. మిక్సరు నుంచి క్యాప్చర్ కార్డుకు పోయే వైరు పీకి, ఆ ఖాళీ నోట్లో పెట్టినా. అంతే. అర నిమిషం పని. పందిట్లో తెరకు వేరే వైరు, దానికేం కాదు. టీవీకేం కాదు. కంప్యూటర్లో మాత్రం అయ్యగారి పండగ బదులు మూడు గళ్ళు రికార్డవుతాయి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. రెండో గడి మీ మరిదిది. లైటు ఆరినాక ఆ కెమెరా యాడికి పోయిందో అంతా దాంట్లో ఉంటాది. తెలిసే చేసినా అక్కా. పొరపాటని నీకు కూడా అబద్ధం చెప్పను. పండగ పాడవుతాదని తెలుసు. ఆ నిమిషాన నాకు పండగ కనపడలే, ఆ గడి ఒక్కటే కనపడె.

మంగళవారం అయ్యగారి బంగళాలో సంఘం పెద్దలంతా కూర్చోని వీడియో పెట్టమనిరి. పెడితే ఏముండాది? మూడు గళ్ళు. తెర మూలకు అయ్యగారు బొటనవేలంత. అయ్యగారు కండ్లద్దాలు తీసి తుడుచుకోని మళ్ళీ పెట్టుకోని చూసె, అప్పటికన్నా పెద్దగా కనపడ్తానేమో అన్నట్టు. తిట్టింటే బాగుండు.

స్తుతి లేచి నిలబడె. తెర దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ఆ పిల్లకు తెలిసిపోయిందక్కా. నన్ను పట్టిస్తాదనుకుంటి. "నాదే తప్పు అయ్యగారూ. వైరు తప్పు నోట్లో పెట్టినా. మళ్ళీ చూసుకోలేదు" అనె. మీ మరిది తల దించుకోని నేల చూస్తాండాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నా.

ఎందుకు కాపాడింది నన్ను? మంచితనమా, లేకుంటే తన గుట్టు నేను చూస్తానని బయమా? నాకు రెండోదే అనిపిస్తాంది. ఎట్లుండాదో చూడు నా బుద్ధి! ఆ రికార్డు కాపీ ఒకటి షాపులో కంప్యూటర్లో పెట్టుకున్నా. రేపు మధ్యాన్నం మీ మరిది కర్నూలుకు పోతాడు. తలుపేసుకోని చూస్తా. కండ్లతో చూస్తా.

నీ చెల్లెలు,
కృపమణి


నందికొట్కూరు,
డిసెంబరు 19.

కండ్లతో చూడమని చెప్పిన మా అక్కకు, చూసిన నీ చెల్లెలు కృపమణి వందనాలు.

నెల దినాలు రాయలేదని కోపం చేసుకోవద్దు. ముందు ఆ మధ్యాన్నం సంగతి చెప్తా.

తలుపేసుకున్నా, ఫ్యాను వేసుకున్నా, రెండో గడిని మాత్రమే పెద్దది చేసి పెట్టుకున్నా. అగ్గిపెట్టె బొమ్మను తలుపంత చేస్తే ఎట్లుంటాది? గరుగ్గా ఉండాది. అయినా చూడొచ్చు. ఎర్రలైటు ఏ నిమిషంలో వెలిగిందో, ఏ నిమిషంలో ఆరిందో నాకు ఎవురూ చెప్పక్కర్లే, పద్దెనిమిదేండ్ల అలవాటు. లైటు వెలగబోయే ముందర బొమ్మ మెల్లమెల్లగా తేరుకుంటాది. అటూ ఇటూ ఊగి, కుదురుకుంటాది. వెలిగినంతసేపూ అద్దం మాదిరి ఉంటాది. ఆరినాక మసక. ప్రతిసారీ ఇదే. నాకు అప్పటికీ తలకెక్కలే. నా కండ్లు వేరేదాని కోసం చూస్తాండె కదా.

రెండు గంటలప్పుడు అందరూ నిలబడి పాట మొదలుపెట్టినారు. లైటు ఆరింది. కెమెరా తిరిగింది. స్తుతి దిక్కుకు పోతాదనుకుంటి. పోలే. ఆడోళ్ళ దిక్కుకు వచ్చింది. ఓహో, మాలోనే ఎవుర్తో ఉండాదా అనుకుంటి. దొరికినావు బిడ్డా అని పైకే అన్నా. కెమెరా మెల్లగా ఒక్కొక్కరి మీదుగా పోతాంది. నిలబడ్తాది, ముందుకు పోతాది, మళ్ళీ వెనక్కొస్తాది. అంతా పచ్చ చీరలే, అంతా మసకే. ఆఖరికి ఒకామె మీద నిలబడిపాయ. అక్కా, రెండు చరణాలు పాడినంతసేపు కదల్లే. దగ్గరికి లాక్కున్నాడు ఆమెను. అంతసేపు, అంత ప్రేమగా ఎవుర్ని చూస్తాండాడప్పా అని వీడియో ఆపి, ముక్కు తెరకు ఆనించి చూస్తి.

దీవెనమ్మ!

మా కుంటి దీవెనమ్మ, అరవై ఎనిమిదేండ్లు, పండ్లు లేవు, దోసిట్లో శనక్కాయలు పెట్టుకోని పాట మధ్యలో నములుతాంది. నాకు నవ్వొచ్చె. పకపకా నవ్వినా ఒక్కదాన్నే. మళ్ళీ నడిపిస్తి. దీవెనమ్మ మొగం మీద ఈగ వాలింది. చెయ్యి ఊపింది. ఊపిన వెంటనే కెమెరా బుద్ధిగా బల్ల దిక్కుకు తిరిగిపాయ.

నవ్వు ఆడే ఆగిపోయిందక్కా. అట్ల చెయ్యి ఊపితే అట్ల బుద్ధిగా తిప్పేది ఎవురికి? నాకు. ఆయప్ప దీవెనమ్మను చూడలే. నన్ను చూస్తాండాడు. నలభై పచ్చ చీరల్లో నన్ను వెతుక్కోని, ఈమే అనుకోని, రెండు చరణాలు చూసి, 'పని చూడప్పా' అని నేను చెయ్యి ఊపినాననుకోని పోయినాడు. నేనేమో ఆమెకు రెండు వరసల వెనక, ఆయప్పను అనుమానించుకుంటా నిలబడుండా. షాపులో కూర్చున్నచోటే ఏడ్చినా. నువ్వు చెప్పినట్టే, చూసినంక.

బొమ్మ పాడైంది రికార్డరులో కాదు, వైర్లో కాదు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు మిషను మీద పెట్టినాడు మీ మరిది.

స్తుతిని పిలిపించి అడిగినా. ఇంక దాచలేదు ఆ పిల్ల. మీ మరిదికి ఒక కంట్లో పొర ముదిరిందంట, రెండోదాంట్లో మొదలైందంట. షుగరు దిగితే గానీ ఆపరేషన్ చేయం అన్నారంట డాక్టర్లు. ఆ మాత్రల కోసమే కర్నూలు పోతాండేది. కెమెరాను ఆటో ఫోకస్‌లో పెట్టుకోవచ్చు కదా, బొమ్మను అదే సరిచేస్తాది అని స్తుతి అంటే, "ఆటోలో పెట్టేది చేతగానోళ్ళు" అన్నాడంట. అందుకని ఆ పిల్ల ఎదురుగా టీవీలో చూసి చెవిలో చెప్తాది, ఇంకొంచెం తిప్పు, ఎక్కువైపాయ, ఆఁ అట్లే అని. అదక్కా నేను విన్న ముద్దు మాటలు. "మీ వదినకు చెప్పద్దమ్మా. పెండ్లైన కాడ్నుంచి మా ఆయప్ప కన్నంటే కన్ను అని ఊరంతా చెప్పుకోని తిరుగుతాది. ఆ కన్నే లేదంటే ఆమె ముందర నేనెట్ల నిలబడాల" అన్నాడంట.

ఆ మాట వినేసరికి నాకు కుళ్ళు తగ్గిందనుకున్నావా? తగ్గలే. ఇంకా ఎక్కువాయ! నా మొగుని కండ్లు పోతాండాయని నాకంటే ముందు కడప పిల్లకు తెలుస్తాదా? మేక చచ్చిందానికి కాదు, చెప్పనందుకు బావ మాట్లాడలేదని రాస్తివే, ఆ పొద్దు నాకు బావ మీద శానా ప్రేమ వచ్చె. అయినా చెప్పకుండా చేసింది ఎవురు? ఊరంతా తిరిగి ఆయప్ప కన్ను గురించి డప్పు కొట్టింది నేనే కదా.

మరుసటి పొద్దు అయ్యగారి కాడికి పోయి, వైరు మార్చింది నేను, స్తుతి కాదు అని చెప్పినా. ఎందుకమ్మా అనె. నా మొగునిమీద అనుమానంతో అంటి. అయ్యగారు "అయితే నా ఆఖరి ప్రసంగం నీ అనుమానం కింద పడి నలిగిపాయనమాట" అని నవ్వె. ఆయనే పెద్దలకు చెప్పినాడు, ఆ తర్వాతి ఆదివారం నేనే సంఘం ముందర నిలబడి క్షమాపణ అడిగినా. వైరు ఎందుకు మార్చినావని మీ మరిది నన్ను ఒక్క మాట అడగలే. అడిగితే తనది బయటపడ్తాదని బయం ఆయప్పకు. స్తుతి ఆ గళ్ళల్లోంచే ఒక్కొక్క బొమ్మ కోసి, పెద్దది చేసి, అతికించి బెంగుళూరోళ్ళకు పంపించింది. బొమ్మ సున్నం గోడ మాదిరి గరుగ్గా ఉండాది. అయ్యగారి గొంతు బాగుండాదిలే అనిరి వాళ్ళు. నా తప్పుకు గుర్తు అది, అట్లే ఉండనీ.

ఇంక మొన్నటి సంగతి. పదిహేడో తేదీ గుళ్ళో సెమీ క్రిస్మస్, పండగకు ముందే చేసుకుంటామే, అది. స్తుతితో ముందే మాట్లాడుకున్నా. లాప్‌టాపు, కార్డు నువ్వు చూసుకో, కుర్చీ నాది అంటి. నవ్వి హెడ్‌సెట్టు తీసి నా చెవులకు తానే పెట్టింది. మీ మరిదికి తెలీదు. పిల్లోళ్ళ నాటకం మొదలాయ. రెండో గడిలో దేవదూత మసకగా ఉండాడు. మైకు నోటి దగ్గరికి లాక్కోని మెల్లగా అంటి, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఎక్కువైపాయ... ఆఁ. అట్లే."

దూత కుదురుకున్నాడు. బటన్ నొక్కినా. లైటు వెలిగింది. హెడ్‌సెట్లో ఆయప్ప ఊపిరి వినపడె.

"మణీ?" అన్నాడు.

"ఊఁ."

"ఎప్పుడు తెలిసె?"

"దీవెనమ్మను నేననుకోని రెండు చరణాలు చూసినప్పుడు. నేనంత ముసలిదాన్నా అప్పా నీకు?"

ఏడుస్తాండాడో నవ్వుతాండాడో తెలీలే. కెమెరా మాత్రం కదల్లే, దూత తొణకలే. చెయ్యి అట్లాంటిది ఆయప్పది, ఇప్పటికీ. వచ్చే నెల ఆపరేషన్‌కు తేదీ ఇచ్చినారక్కా, షుగరు దిగింది. నేనే వెంట పోతా, నేనే చుక్కలేస్తా, ఎవుర్నీ ముట్టనీయను. స్తుతి తోడొస్తానంటే వద్దంటి. మంచిపిల్లే. అయినా వద్దు.

నాటకం అయినాక రామాంజి కెమెరా నొక్కినా. రెండో దానికి లైటు ఆరింది. నా గడిలో బొమ్మ మెల్లగా తిరగబట్టె. పందిరి గుంజలు, కుర్చీలు, రంగుకాగితాలు, అంతా నీళ్ళల్లో మాదిరి. యాడ నిలబడాలో తెలీక ఊగులాడ్తాంది.

"కుడికి" అంటి. "ఇంకా కుడికి. ఆఁ, ఆపు. ఈడుండా. ఇప్పుడు ఫోకస్ తిప్పు. ఇంకొంచెం. ఇంకొంచెం."

వచ్చినానక్కా గడిలో. చెవులకు హెడ్‌సెట్టు, పాపిట్లో తెల్ల వెంట్రుకలు, చెంప మీద చెమట, అన్నీ కనపడ్తాండాయి. స్తుతి పక్కనే ఉండాది, చూస్తే చూడనీ అనుకుంటి. చూసుకుంటా కూర్చున్నా, ఆయప్ప చూసినంతసేపు.

చెయ్యి మాత్రం ఊపలే.

నీ చెల్లెలు,
కృపమణి